కంప్యూటర్ కబుర్లు: వెళ్ళని చోటికి వెళ్ళినట్లు చెప్పిన కథ

ఈ మాసము మన కాలనీకి చెందిన ఒక ఇంటర్మీడియట్ విద్యార్థిని తాను స్వయముగా తయారుచేసిన కథా క్రీడను ఈ శీర్షికకు పంపినది. ఇటువంటి వానిని విజువల్ నోవెల్ అందురు. తెరపై బొమ్మ, దాని క్రింద సంభాషణ. అక్కడక్కడ ఆడువారు ఒక దారిని ఎంచుకొనవలెను. దానిని బట్టి కథ మారును.

కథాస్థలము సూరత్ జిల్లాలోని కడోదరా. నేతపనికై తెలంగాణ జిల్లాల నుండి సూరత్ ప్రాంతమునకు వలస వెళ్ళిన కుటుంబములు అనేకము. ఆమె తాతగారు కూడ అక్కడి పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసినవారే. కథలో తమ్ముడు అన్నను వెదకుచు కడోదరా చేరును. చౌరస్తాలోని టీ కొట్టు, మగ్గముల షెడ్డు, కార్మికుల గది, ఈ మూడింటిని చూచినచో అన్న చిరునామా గల ఉత్తరము దొరకును. లేనిచో తిరుగు రైలు ఎక్కవలసినదే. తాతగారి పుట్టినరోజున ఆయనచే దీనిని ఆడించవలెనని ఆమె కోరిక. చిక్కేమనగా, మొదటిసారి సరిగా నడచిన ఆట, రెండవసారి ఎక్కడికీ వెళ్ళకుండగనే ఉత్తరమును చేతికిచ్చుచున్నది! వెదకకుండ దొరికిన అన్నను చూచి తాతగారికి ఏమి సంతోషము?

ఈ ఆటను ఆమె రెన్‌పై అను ఉచిత సాధనముతో తయారుచేసినది. 2004లో వెలువడిన ఈ సాధనము పైథాన్ భాషపై ఆధారపడినది. ఇందులో సీన్ లేబుల్ అను సౌకర్యము కలదు. ఫలానా ఘట్టము జరిగినదా అని అడిగినచో అవుననియో కాదనియో చెప్పును. అయితే అది చెప్పునది ఈ ఆటను గురించి కాదు. ఈ కంప్యూటరుపై ఎప్పుడైనను ఆ ఘట్టము జరిగినదా అనుటను గురించి. ఆమె నిన్న చూచిన షెడ్డు నేటి తమ్ముని ఖాతాలో పడినది. ఇంటిలో ఎందరు ఆడినను లెక్క ఒక్కటే. చదివేసిన సంభాషణను గుర్తించుటకు ఇటువంటి జ్ఞాపకము మేలే గాని, కథానాయకుని ప్రయాణమునకు వేరొక పుస్తకము పెట్టవలెను. ఆట ఆరంభమున ఖాళీ జాబితాగా నుండి, అడుగు పెట్టిన చోటెల్ల అందులో చేరవలెను.

ఆమె అట్లే మార్చి పంపగా మూడు చోట్లు తిరిగిన వానికి సైతము ఉత్తరము రాలేదు. కారణము షరతుల వరుస. ‘ఒక్క చోటైనను చూచినచో సగము చిరునామా’ అన్నది ముందు, ‘మూడును చూచినచో ఉత్తరము’ అన్నది తరువాత వ్రాసినది. ఇఫ్, ఎలిఫ్‌ల వరుసలో మొదట నిజమైనది జరిగిపోవును. మిగిలిన వాని వంక యంత్రము చూడనే చూడదు. కఠినమైన షరతును పైన పెట్టగానే ఉత్తరము వచ్చినది.

జాబితాను డిఫైన్ అను మాటతో ప్రకటించుట మరియొక లోపము. అది మారని విలువలకు ఉద్దేశించినది; ఆటను భద్రపరచి మూసివేసి, మరునాడు తెరచినచో తిరిగిన చోట్లు మాయమగును. డిఫాల్ట్ అని వ్రాయవలెను. ఒకచోట ‘కడోదరా’ అనియు, వేరొకచోట ‘కడోదర’ అనియు వ్రాసినందున చౌరస్తా రెండు ఊళ్ళుగా లెక్కకు వచ్చినది. దీర్ఘము లోపించినను మనము అర్థము చేసికొందుము, కంప్యూటరు చేసికొనదు.

వెళ్ళిన చోటును గుర్తుంచుకొనుట పాత విద్యయే. 1976, 77 సంవత్సరములలో క్రౌథర్, వుడ్స్ ఫోర్ట్రాన్‌లో వ్రాసిన అడ్వెంచర్ ఆట, తొలిసారి గుహను విపులముగా వర్ణించి, మరల వచ్చిన వానికి సంక్షిప్తముగా చెప్పెడిది.

మూడు చోట్లు, ఒక్కొక్కటి చూచుట లేక చూడకపోవుట; మొత్తము 8 విధములు. ఎనిమిదింటిని ఆడి చూడుమనియు, ఒక్కొక్క దానిని మధ్యలో భద్రపరచి మరల తెరువుమనియు ఆమెకు వ్రాసితిని. షిఫ్ట్‌తో ఓ మీట నొక్కినచో తెరచుకొను కిటికీలో జాబితా పేరు టైపు చేసినచో అందులో ఏమున్నదో కనబడును. ఐదు విధములు సరిపోయినవని నిన్న కబురు వచ్చినది. పుట్టినరోజునకు ఇంకను పది దినములున్నవి.