ఊదితే బొమ్మ పడుతుందా?

హాల్లో రీలు తెగితే ఈల వేస్తాం. ఇంట్లో వీడియో గేము ఆగితే మాత్రం క్యాసెట్టు బయటికి లాగి ‘ఉఫ్’మని ఊదుతాం! ఈ మంత్రం ఎవరు నేర్పారో గానీ అమెరికా పిల్లలూ ఊదారు, మన పిల్లలూ ఊదారు. ఇంతకీ ఆ మంత్రానికి మహిమ ఉందా?

అసలు కథలోకి వద్దాం. నింటెండో వారు 1983లో జపానులో ‘ఫామికామ్’ విడుదల చేశారు. క్యాసెట్టు పైనుంచి నిలువుగా దిగేది. అదే మెషీన్ని 1985లో అమెరికా తీసుకెళ్ళేసరికి అక్కడ వీడియో గేముల వ్యాపారం కుప్పకూలి ఉంది. గేమంటేనే షాపులవాళ్ళు దణ్ణం పెట్టేస్తున్నారు. సరే, మారువేషం వేయించారు! క్యాసెట్టు ముందు నుంచి తోసి కిందికి నొక్కాలి... అచ్చం వి.సి.ఆర్. లాగానే. పేరు ఎన్.ఇ.ఎస్. వేషమైతే పండింది గానీ, చిక్కంతా అందులోనే ఉంది.

లోపల 72 పిన్నుల కనెక్టరు. నొక్కగా నొక్కగా పిన్నులు వంగి పట్టు వదిలేస్తాయి. దానికి తోడు, గేటు దగ్గర టిక్కెట్టు చింపేవాడిలాంటి చిప్పు ఒకటి! క్యాసెట్టులో ఉన్న జంట చిప్పుతో దానికి మాట కలవకపోతే, సుమారు సెకనుకోసారి ఆట మొదటికి తెస్తుంది. ఎర్రలైటు మిణుకు మిణుకుమనేది అందుకే. మెషీను చచ్చిందని పారేయకండి. నింటెండో వారే 1993 మోడల్లో ఆ వేషమూ, ఆ చిప్పూ రెండూ తీసేశారు!

మరి ఊదితే ఆడిందే, అంటారా? కాకి వాలింది, తాటిపండు పడింది. క్యాసెట్టు తీసి మళ్ళీ పెట్టారు కాబట్టి పిన్ను సరిగ్గా తగిలింది, అంతే. ఊపిరిలోని తడి మాత్రం లోహం మీద మిగిలి, పోనుపోనూ చిలుమెక్కిస్తుంది.

చేయవలసిందల్లా ఇదీ: స్విచ్చి ఆపండి. పుల్లకి చుట్టిన దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో కాస్త తడిపి, క్యాసెట్టు నోట్లో కనిపించే లోహపు గీతలు తుడవండి. బాగా ఆరాకే పెట్టండి. అప్పటికీ లైటు మిణుకుమంటే కనెక్టరు మార్చాలి. కొత్తవి ఇప్పటికీ దొరుకుతున్నాయి.

1990లలో మన ఇళ్ళలో ఆడినవి చాలావరకు ఫామికామ్ నకళ్ళు. 60 పిన్నులు, పైనుంచి పెట్టడం, ఆ గేటు చిప్పు లేదు. కాబట్టి మిణుకు ఉండదు. బొమ్మ చెదురుతుంది, లేదా అసలు పడదు. వాటికీ మొదటి వైద్యం ఈ తుడుపే.

అన్నట్టు, అమెరికా చుట్టాలు తెచ్చిన అసలు మెషీను ఉంటే జాగ్రత్త! దాని అడాప్టరు 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టారంటే మొదటి ఆటకే శుభం కార్డు. మధ్యలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి.

ఊదడం ఇక సన్నాయివాళ్ళకి వదిలేద్దాం!