నాన్న బరువెంత?

మా పక్కింటి అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఐదో నెల. తోడుగా గచ్చిబౌలిలో ఒక ఆస్పత్రికి వెళ్లాను. రక్తంలో చక్కెర ఎక్కువుందన్నారు. అన్నం తగ్గించు, రోజూ నడువు, లేకపోతే బిడ్డకు చిన్నతనంలోనే ఊబకాయం, షుగర్ వచ్చే ప్రమాదముందని డైటీషియన్ అరగంట చెప్పింది. అబద్ధమేమీ కాదు. కానీ పక్కనే భర్త ఉన్నాడు. అతనూ ఐటీ ఉద్యోగే. బొజ్జ ఉంది, రాత్రి రెండింటిదాకా అమెరికా కాల్సు. అతన్ని ఒక్క మాటైనా అడగలేదు!

బిడ్డ ఆరోగ్యం అనగానే తల్లి గర్భమే ఎందుకు గుర్తొస్తుంది? 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు మగ ఎలుకలకు బాగా కొవ్వున్న తిండి పెట్టారు. ఆడ ఎలుకలకు మామూలు తిండే. అయినా పుట్టిన ఆడపిల్లల్లో ఇన్సులిన్ ఊరడం తగ్గింది. మనం ఎలుకలం కాదు, నిజమే. తండ్రిని వదిలెయ్యడానికి మాత్రం అది కారణం కాదు.

సరే, ఇద్దరూ నడవాలి. ఎప్పుడు? హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించిన అధ్యయనం 2025లో వెలువడింది. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు, 71 శాతం మందికి ఊబకాయం. ఇంతమందికీ ఒక్కసారే బద్ధకం పుట్టిందా? గంటల తరబడి కుర్చీ, వేళకాని వేళ షిఫ్టులు, కరువైన నిద్ర - ఇవి ఎవరి నిర్ణయాలు? అదే ఏడాది జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతించింది. వారానికి 48 దాటకూడదన్నారు లెండి. ఆ పది గంటల తర్వాత ఇంట్లో వంట చేసేదెవరో మనకు తెలుసు.

హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల అనుభవం వేరు. 1987-90 మధ్య వాటిలో కొన్నిచోట్ల గర్భిణులకూ చిన్నపిల్లలకూ ప్రభుత్వ పథకం కింద అదనపు ఆహారం అందింది. జాతీయ పోషకాహార సంస్థ ఆ పిల్లలను 13-18 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్షించింది. ఆహారం అందని పల్లెల పిల్లలకంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. ఇన్సులిన్ పనితీరూ మెరుగు. అక్కడ తల్లులకు పెట్టింది తిండి, సుద్దులు కాదు.

ఐటీ కంపెనీలను మనం అడగాల్సిందీ అలాంటిదే: జీతంతో కూడిన పనిగంటల్లోనే నడకకు వేళ, బిడ్డను కనబోయే ఇద్దరికీ రాత్రి షిఫ్టు నుంచి మినహాయింపు. ఆస్పత్రులు తండ్రికీ పరీక్ష చేయాలి.

"నడవడానికి టైమేది ఆంటీ?" అంది ఆ అమ్మాయి. ఇప్పుడు రాత్రి పదిన్నరకు సెల్లార్‌లో కార్ల మధ్య నడుస్తోంది. అతను పైన కాల్‌లో ఉంటాడు.