దానం వద్దన్నాం సరే, కూలి మాటేమిటి?

విస్తీర్ణంలో కువైత్ మా పాత నిజామాబాద్ జిల్లాకు రెండింతలకు కాస్త పైన. అక్కడి పౌరులను మాత్రమే లెక్కగడితే 15 లక్షల చిల్లర. 2011 జనాభా లెక్కల్లోనే మా ఉమ్మడి జిల్లాలో అంతకన్నా పది లక్షలమంది ఎక్కువ ఉన్నాం. ఆ చిన్న దేశానికి 1961 జూన్‌లో స్వాతంత్ర్యం వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 31న, పరాయి దేశాల్లో రోడ్లకూ రేవులకూ కరెంటుకూ అప్పులిచ్చే నిధి ఒకటి పెట్టుకుంది. సిరియా శరణార్థుల కోసం 2013 నుంచి వరసగా మూడేళ్లు దాతల సమావేశాలు కువైత్‌లోనే జరిగాయి. 2014 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ కువైత్ అమీర్ షేక్ సబాను మానవతా నాయకుడని సత్కరించారు. అదే గల్ఫ్‌లోని ఎమిరేట్స్ అయితే 2013లో, జాతీయాదాయంతో పోల్చి చూస్తే ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ సాయం చేసిన దేశమనిపించుకుంది. ధనిక దేశాలు తమ ఆదాయంలో 0.7 శాతం బీద దేశాలకు ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లో ఒక హద్దు పెట్టింది. అమెరికా ఇంతవరకూ ఆ హద్దును అందుకోలేదు. ఎమిరేట్స్ ఆ ఏడాది దాటేసింది.

ఇందులో మెచ్చుకోనిది ఏమీ లేదు. కాకపోతే ఆ దేశాల డబ్బును నేను చూసింది ఐక్యరాజ్యసమితి లెక్కల్లో కాదు, బోధన్‌లో ఒక బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని.

మాది కందకుర్తి, రెంజల్ మండలం. గోదావరి మహారాష్ట్ర దాటి తెలంగాణలో అడుగుపెట్టేది మా ఊరి దగ్గరే. మంజీర, హరిద్ర వచ్చి కలిసేదీ ఇక్కడే. పుష్కరాలకు వచ్చేవాళ్లకు మాది త్రివేణి సంగమం, నాగపూర్ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఆరెస్సెస్ స్థాపకుడు హెడ్గేవార్ పూర్వీకుల ఊరు. మా ఊరివాళ్లకు మాత్రం చిన్నప్పటి నుంచీ లోకమంటే బోధన్, బోధన్ అంటే నిజాం కాలంలో 1937లో పెట్టిన షక్కర్ ఫ్యాక్టరీ. బ్యాంకులో నేను క్లర్కుగా చేరిన కొత్తలో రెండు రకాల డబ్బు కౌంటరు మీదికి వచ్చేది. ఒకటి చెరుకు బిల్లు, క్రషింగు మొదలయ్యాక వచ్చేది. రెండోది దుబాయి డ్రాఫ్టు, దానికి సీజనంటూ లేదు. మస్కట్ నుంచి వచ్చినా, కువైత్ నుంచి వచ్చినా మా దగ్గర అన్నీ దుబాయి డ్రాఫ్టులే. ఫ్యాక్టరీ మూతపడ్డాక జనం గల్ఫ్ బాట పట్టారని ఇప్పుడు చాలామంది రాస్తున్నారు. అది సగమే నిజం. ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటు చేతుల్లో పెట్టారు, 2015 డిసెంబర్‌లో లేఆఫ్ కాగితం అతికించారు. కానీ చెరుకు బండ్లు బారులు తీరి నిలబడ్డ రోజుల్లోనే మావాళ్లు బొంబాయి వెళ్లి విమానం ఎక్కేవాళ్లు. ఫ్యాక్టరీ పోయాక జరిగిందల్లా, తిరిగొచ్చినవాడికి ఇక్కడ నిలబడే చోటు లేకుండా పోవడమే.

డ్రాఫ్టు తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్లు. రిజిస్టరు కవరు చింపకుండా కొంగులో ముడేసుకుని వచ్చేవాళ్లు. "సారూ, ఇయ్యాల దినారు ఎంత నడుస్తుంది?" అని అడిగి, నేను చెప్పేలోపే వాళ్లే చెప్పేవాళ్లు. ఆ డబ్బు ఎటు పోతుందో పాస్‌బుక్ చూస్తే తెలిసిపోయేది. మొదటి ఏడాదంతా వచ్చింది వచ్చినట్టే మిత్తికి పోతుంది. వీసా కోసం ఏజెంటుకు కట్టిన డబ్బు నూటికి రెండు రూపాయలకో మూడు రూపాయలకో తెచ్చినది. రెండో ఏడు అసలు కొంచెం కరుగుతుంది. మూడో ఏడు కంపెనీ వాడు రెండు నెలల జీతం ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది. ఆపినవాడి మీద ఫిర్యాదు చేద్దామంటే పాస్‌పోర్టు వాడి దగ్గరే ఉంటుంది. వాడిని వదిలి బయటికొస్తే ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేనివాడు. మా వైపు ఈ అరబ్బీ మాట పదో తరగతి తప్పిన పిల్లలకూ వచ్చు.

కువైత్ నిధి బయటి దేశాలకిచ్చిన ప్రతి దినారుకూ లెక్క ఉంటుంది, వార్షిక నివేదిక ఉంటుంది. మావాడి జీతంలో కోసుకున్న దినారు ఏ నివేదికలోనూ ఉండదు. ఆ దేశంలో ఉండేవాళ్లలో మూడింట రెండు వంతుల మంది బయటివాళ్లే. వాళ్లలో పది లక్షలకు అటూ ఇటూగా మనవాళ్లు. దాన ధర్మాలు అక్కడి ఖజానా నుంచి వెళ్తే, ఆ ఖజానా ఉన్న భవనాన్ని తుడిచేది వీళ్లు. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కూలీలు ఉండే భవనం తగలబడి 45 మంది భారతీయులు చనిపోయారు. ఎక్కువమంది మలయాళీలు, ముగ్గురు ఆంధ్రవాళ్లు. పరాయి దేశంలో ఆసుపత్రి కట్టించే స్థోమత ఉన్న దేశంలో, కూలివాడు పడుకునే గదికి నిప్పు నుంచి రక్షణ ఎందుకు లేకపోయింది? మానవతా విధానం అనేది విదేశాంగ శాఖలో ఉంటే చాలదు, కార్మిక శాఖలోనూ ఉండాలి.

కువైత్‌ను తిట్టి ఊరుకుంటే నా పని సులువు. మన వైపు కూడా చూడాలి.

2003 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి జస్వంత్ సింగ్, తక్కువ మొత్తాలిచ్చే దేశాల సాయం ఇక మనకొద్దని మర్యాదగా చెప్పారు. అమెరికా, బ్రిటన్, జపాన్, జర్మనీ, రష్యా, యూరోపియన్ యూనియన్ మాత్రం సరే. నెదర్లాండ్స్, డెన్మార్క్, స్వీడన్ లాంటివి వద్దు. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో చిన్న రైతులను జట్లుగా కలిపి ఉమ్మడి బోర్లు వేయించిన ఏపీవెల్ పథకం నెదర్లాండ్స్ డబ్బుతో నడిచిందే. 1995లో మొదలై 2003లో ముగిసింది. మరుసటి ఏడాది డిసెంబర్‌లో సునామీ వస్తే మన్మోహన్ సింగ్ ప్రభుత్వం విదేశీ ప్రభుత్వాల సాయం తీసుకోకపోగా, శ్రీలంకకూ మాల్దీవులకూ మన నౌకలనే పంపింది. 2018 ఆగస్టులో కేరళ మునిగినప్పుడు ఎమిరేట్స్ 700 కోట్లు ఇస్తానన్నదని ముఖ్యమంత్రి పినరయి విజయన్ ప్రకటించారు. అంకె ఇంకా ఖరారు కాలేదని ఆ దేశ రాయబారి సర్దిచెప్పారు. అంకె సంగతి ఎలా ఉన్నా, మా అవసరాలు మేమే తీర్చుకుంటామని ఢిల్లీ తేల్చేసింది.

ఈ నిర్ణయాలతో నాకు పేచీ లేదు. ఇంత పెద్ద దేశం ప్రతిదానికీ చెయ్యి చాపకూడదనేది మంచి మాటే. మళ్లీ 2021 మేలో కరోనాతో ఊపిరాడనప్పుడు బహ్రెయిన్ ఇచ్చిన ఆక్సిజన్‌తో ఐఎన్ఎస్ తల్వార్ మంగళూరు రేవుకు వస్తే వద్దనలేదు. వద్దనకపోవడమే సరైన పని.

పేచీ ఎక్కడంటే 2020 సెప్టెంబర్ దగ్గర. గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్లను ఇంత జీతానికి తక్కువైతే పంపమని మన విదేశాంగ శాఖ ఒక కనీస మొత్తం పెడుతుంది. అది లేకుండా వలసకు అనుమతి రాదు. కరోనా తొలి ఏడాది, ఆ సెప్టెంబర్‌లో, రెండు సర్క్యులర్లతో ఆ మొత్తాన్ని 30 నుంచి 50 శాతం దాకా కోసేశారు. ఎమిరేట్స్, ఖతార్, ఒమాన్, బహ్రెయిన్‌లకు నెలకు 200 డాలర్లు. కువైత్‌కు 245. బంగ్లాదేశ్, నేపాల్ వాళ్లు తక్కువకు వస్తున్నారు, ఇలా చేయకపోతే ఉద్యోగాలు పోతాయన్నది ఢిల్లీ చెప్పిన కారణం. ఇక్కడ ఒక తేదీ చూడండి. అంతకు కొద్ది రోజుల ముందే, ఆగస్టు 30న, ఖతార్ తన దేశంలో ఎవరికైనా 1,000 రియాళ్లు కనీస కూలి అని చట్టం చేసింది. అంటే 270 డాలర్లకు పైనే. తిండికీ వసతికీ విడిగా. పనిచేయించుకునేవాడు 270 ఇస్తానంటే, పంపేవాళ్లం మావాడు 200కే వస్తాడని చెప్పాం. నలభై ఏళ్ల పాటు అంకెలు రాసినవాణ్ణి, ఇలాంటి బేరం ఎక్కడా చూడలేదు.

తెలంగాణ గల్ఫ్ కార్మికుల తరఫున కొందరు హైకోర్టుకు వెళ్లారు. 2021 జులైలో ఆ సర్క్యులర్లు వెనక్కి పోయాయి. కానీ ఆ పది నెలల్లో కాంట్రాక్టు మీద సంతకం పెట్టి వెళ్లినవాడి జీతం రెండేళ్ల వరకూ అదే.

ఇదొక్కటే అయితే కరోనా కంగారు అనుకోవచ్చు. అంతకుముందు ఇంకోటి జరిగింది. ఇళ్లలో పనికి మన ఆడవాళ్లను తీసుకెళ్లే కువైతీ యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలని మన ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. జీతం ఎగ్గొడితే, ఆమెకు ఏమైనా అయితే, ఆ గ్యారంటీ నుంచి రాబట్టవచ్చు. బ్యాంకువాడిగా చెబుతున్నా, కూలీల రక్షణ కోసం మన దేశం రాసిన నియమాల్లో ఇంతకన్నా పనికొచ్చేది నేను చూడలేదు. ఇది సానుభూతి ప్రకటన కాదు, పిలిస్తే పలికే డబ్బు. కువైత్ గొడవ చేసింది. 2017లో మనం ఎత్తేశాం.

ఫిలిప్పీన్స్ ఏం చేసిందో పక్కన పెట్టి చూడాలి. అది మనకన్నా ఎంతో చిన్న దేశం, కువైత్‌లో వాళ్ల సంఖ్య మనలో నాలుగో వంతు. ఇంటిపనివాళ్లను 400 డాలర్లకు తక్కువైతే పంపమని దాదాపు రెండు దశాబ్దాల కిందటే రాసిపెట్టుకుంది. 2018 ఫిబ్రవరిలో తమ పనిమనిషి శవం ఒక ఖాళీ ఫ్లాటు ఫ్రీజర్‌లో దొరికితే కొత్తగా ఎవరినీ పంపేది లేదంది. కువైత్ వాళ్ల రాయబారినే వెళ్లగొట్టింది. అయినా తగ్గలేదు. మే నెలకల్లా ఒప్పందం మీద సంతకం చేయించుకుంది: పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండకూడదు, ఫోన్ లాక్కోకూడదు. రాసినదంతా అమలైందని నేననను. కానీ రాయించుకోవడం వాళ్లకు సాధ్యమైంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2020 ఏప్రిల్‌లో కాగితాలు లేనివాళ్లకు కువైత్ క్షమాభిక్ష ఇచ్చి, విమానం టికెట్టు కూడా తానే పెట్టుకుంటానంది. వేలమంది తెలుగువాళ్లు అక్కడి శిబిరాల్లో సంచులు సర్దుకుని కూర్చున్నారు. అప్పుడు తలుపులు మూసి ఉన్నది మన విమానాశ్రయాలకే. చిన్న దేశం మనకు చేసిన నిజమైన మానవతా సాయం అది. ఢిల్లీ దాన్ని అందుకోవడానికి వారాలు పట్టింది. జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న పద్ధతి 2009లో ఎమిరేట్స్ మొదలుపెడితే మిగతా గల్ఫ్ దేశాలు ఒక్కొక్కటే దారిలోకి వచ్చాయి. అది కూడా పెద్ద మేలు. చేతికి ఇచ్చిన జీతానికి సాక్ష్యం ఉండదు.

మన రాష్ట్రం సంగతి క్లుప్తంగా. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని 2024లో ఉత్తర్వు వచ్చింది. ఆ కుటుంబాలకు అదొక ఆసరానే. కేంద్రం బీమా 10 లక్షలు ప్రమాదానికే, నిద్రలో గుండె ఆగిపోయినవాడికి రాదు కాబట్టి ఆ 5 లక్షలే దిక్కు. కానీ ఇదంతా చనిపోయాక వచ్చే డబ్బు. బతికున్నప్పుడు రావాల్సిన జీతం గురించి అడిగే అధికారం హైదరాబాద్‌కు లేదు, ఢిల్లీకే ఉంది.

2024 డిసెంబర్‌లో ప్రధాని కువైత్ వెళ్లారు. 43 ఏళ్ల తర్వాత భారత ప్రధాని అక్కడికి వెళ్లడం అదే. మినా అబ్దుల్లాలో ఒక లేబర్ క్యాంపుకూ వెళ్లి కూలీలతో కూర్చుని మాట్లాడారు. మా ఊళ్లో టీవీలో అందరూ చూశారు. మర్నాడు రెండు దేశాలూ రక్షణ, సంస్కృతి, క్రీడలు, సౌర విద్యుత్తు మీద కాగితాలు మార్చుకున్నాయి. కూలి మీద ఒక్కటీ లేదు. ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం 2021 జూన్‌లో ఒక ఒప్పందం ఉంది, మంచిదే. క్లీనింగ్ కంపెనీల్లో, కన్‌స్ట్రక్షన్‌లో ఉన్న మావాళ్లు దాని కిందికి రారు. కువైత్‌లో ప్రైవేటు కూలి కనీసం 75 దినార్లని 2017లో పెట్టారు, 2020లో మన ఢిల్లీ పెట్టిన 245 డాలర్లు సరిగ్గా ఆ 75 దినార్లే. ఈసారి ఢిల్లీ ఆ 75 దినార్ల అంకె పెంచి రాయమని కువైత్‌ను అడగాలి. ఎత్తేసిన బ్యాంకు గ్యారంటీని, ఆడవాళ్లకే కాదు, వందమందిని పట్టుకెళ్లే ప్రతి కంపెనీకీ పెట్టమనాలి. కువైత్ ఒప్పుకోకపోతే వీసాలు కొన్ని నెలలు ఆగుతాయి, మా మండలంలో కొన్ని ఇళ్లు ఇబ్బంది పడతాయి. ఆ నెలల మిత్తిని మన ప్రభుత్వాలు భరించాలి. 700 కోట్లు వద్దనగలిగిన దేశానికి అది పెద్ద మొత్తం కాదు.