నొప్పికన్నా ముందే ఆయాసం

గుండె పిడికిలిలా బిగుసుకోవడమే శ్రమ అనీ, సడలడం దానంతటదే జరిగిపోతుందనీ మేము చాలాకాలం భావించాం. మా మదర్సాలో పిల్లలకు ఖుర్ఆన్ కంఠస్థం చేయించే వృద్ధ హాఫిజ్ సాబ్ జబ్బుపడ్డాకే అది సరికాదని తెలిసింది.

గత రమజానులో ఆయన తరావీహ్ నమాజు కూర్చుని చేయసాగారు. మేడమెట్ల మధ్య ఆగి రొప్పేవారు. ఛాతీలో నొప్పి ఉందా అని అడిగితే లేదనేవారు. వయసు ప్రభావమని మేము సరిపెట్టుకున్నాం. ఆయన ఏళ్ల తరబడి మధుమేహ రోగి అన్న సంగతి తెలిసీ ఉపేక్షించాం. మధుమేహం ఉన్నవారికి గుండెనొప్పి తెలియకపోవచ్చు. ఈద్ తర్వాత ఎకో తీయిస్తే, గుండె ముందు గోడలో కొంత భాగం సరిగా కదలడం లేదని తేలింది.

కండరం ముడుచుకోవాలంటే కణంలో కాల్షియం విడుదల కావాలి. సడలాలంటే దాన్ని తిరిగి తోడివేయాలి, ఒకదాన్నొకటి పట్టుకున్న తంతువులు విడివడాలి. దీనికీ శక్తి ఖర్చవుతుంది. గుండె విశ్రాంతిలో సైతం తనకు అందిన రక్తంలోని ప్రాణవాయువులో సుమారు 70 శాతం తీసేసుకుంటుంది గనుక, అవసరం పెరిగితే మరింత రక్తం రావలసిందే. ధమని ఇరుకైనప్పుడు సాధారణంగా మొదట దెబ్బతినేది సడలింపే. బిరుసెక్కిన గది నిండడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడి వెనుకనున్న ఊపిరితిత్తులకు పాకుతుంది. హాఫిజ్ సాబ్ ఆయాసం అదే. ముడుచుకునే బలం తగ్గడం ఆ తర్వాత, ఇ.సి.జి.లో మార్పు ఇంకా తర్వాత. నొప్పి వస్తే చివరన వస్తుంది. పైగా ఎడమ జఠరిక గోడకు రక్తం ప్రధానంగా సడలిన వేళనే అందుతుంది. సడలింపు చెడితే ఆ కొద్దిపాటి రక్తానికీ ఆటంకమే. లోపలి పొర ముందుగా నలుగుతుంది.

గుండెకు పోషణ దాని గదుల్లోని రక్తం నుంచి కాక, దాని కండరంలో వ్యాపించిన నాళాల నుంచే అందుతుందని 13వ శతాబ్దిలోనే కైరో వైద్యుడు ఇబ్నున్నఫీస్, ఇబ్నె సీనాతో విభేదిస్తూ రాశారు. ఆ నాళం మూసుకుంటే గోడ కదలిక ఏమవుతుందో 1935లో టెన్నంట్, విగ్గర్స్ కుక్క గుండెపై కొలిచి చూపారు. రక్తం ఆగిన భాగం కొద్దిసేపట్లోనే ముడుచుకోవడం మానింది. అంతేకాదు, మిగతా గోడ ముడుచుకుంటుంటే అది వెలుపలికి ఉబ్బసాగింది. అంటే ఆరోగ్యంగా ఉన్న కండరం చేసే శ్రమలో కొంత, రక్తాన్ని ముందుకు నెట్టడానికి బదులు, ఆ ఉబ్బుకే వృథా అవుతుందన్నమాట.

ధమని పూర్తిగా మూసుకుపోతే సుమారు 20 నిమిషాల తర్వాత కణాలు చనిపోవడం మొదలవుతుంది. కానీ కదలని కండరమంతా చచ్చినది కాదు. తక్కువ రక్తంతో నెట్టుకొస్తూ పని తగ్గించుకున్న కండరమూ ఉంటుంది. రక్తం మళ్లీ అందితే అది వారాల్లోనో నెలల్లోనో కోలుకోవచ్చు. హాఫిజ్ సాబ్‌కు స్టెంట్ వేసిన వైద్యుడు ఆ ఆశతోనే ఉన్నారు. మూడు నెలల తర్వాత మళ్లీ ఎకో తీయాలన్నారు. అందాకా ఆయన తరగతిని కింది గదికి మార్చాం.