అడుగు ముందు... అరిసె తర్వాత!

కిందటిసారి ఊరగాయ జాడీలకు బూజు పట్టకుండా ఏం చెయ్యాలో చెప్పుకున్నాం. ఈసారి వంటింట్లోంచి కాస్త వసారాలోకి వచ్చి కూర్చుందాం. అక్కడ చంటిది పాకుతోంది మరి, దాని సంగతి కూడా చూడాలి కదా!

మన తెలుగిళ్ళల్లో పసిపిల్లల ప్రతి ముచ్చటకీ ఒక పిండివంట ఉంది. పిల్ల బోర్లా పడిందంటే బొబ్బట్లు చేసి నాలుగిళ్ళకీ పంచుతాం. నవ్వితే నువ్వుండలు చుడతాం. పాకితే పాయసం కాస్తాం. మాటలొస్తే పంచదార చిలకలు, అడుగులు పడితే అరిసెలు. కొన్నిళ్ళల్లో అరిసెలు వరసగా పేర్చి, వాటి మీద పిల్ల చేత అడుగులు కూడా వేయిస్తారు. మా అమ్మ అలాగే చేసేది.

ఇందులో ఒక సంగతి గమనించారా? పిల్ల ముందు చేస్తుంది, మనం తర్వాత వండుతాం. అంతేగానీ అరిసెలు వండి డబ్బాకెత్తి, "ఇదిగో వండేశాను, ఇక నడువు" అని ఎవరం అనం. కానీ నేను అన్నాను! అందుకే ఈ వారం ఇది రాస్తున్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాననుకోండి.

మా పెద్దమ్మాయిని గుడివాడ ఇచ్చాం. పురుడు బందరులో మా ఇంట్లోనే పోశాం. ఐదో నెలలో సారె పెట్టి అత్తారింటికి పంపాం. మళ్ళీ దసరాకి వచ్చి కార్తీకమాసం దాకా ఉంది. అప్పటికి మనవరాలికి పదకొండో నెల. బుద్ధిగా కూర్చుంటుంది, ఇల్లంతా పాకుతుంది, మంచం కోడు పట్టుకుని మోకాళ్ళ మీద లేస్తుంది. అక్కడితో సరి. కాళ్ళ మీద నిలబడటం మాత్రం లేదు.

ఓ రోజు మా వియ్యపురాలు గారు ఫోన్ చేశారు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "వదినగారూ, మా పెద్దకోడలి పిల్లాడు తొమ్మిదో నెలకే నిలబడ్డాడండీ. ఇదేమిటో ఇంకా దేకుతూనే ఉంది!" అన్నారు. ఆవిడ మామూలుగానే అన్నారు. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. పేరంటానికి వెళితే అక్కడా అదే మాట, "ఇంకా నిలబడలేదూ?" అని. పైగా నెలాఖరుకి పుట్టినరోజు. పిల్ల తన కాళ్ళ మీద నిలబడి కేకు కోస్తే ఎంత బాగుంటుందో అని నా మనసులో నేనే ముచ్చటపడిపోయాను.

వెంటనే బజారుకెళ్ళి వాకరు కొనుక్కొచ్చాను. చుట్టూ చక్రాలు, మధ్యలో ఉయ్యాల లాంటి సీటు, ముందు పీపీమనే బొమ్మలు. మా అమ్మాయి "ఎందుకమ్మా ఇప్పుడు?" అంటూనే ఉంది. "నువ్వూరుకో, నిన్ను పెంచలేదూ?" అని నోరు మూయించాను. రోజుకి రెండు పూటలా దాన్ని అందులో వేళ్ళాడదియ్యడమే. అది కాలి బొటనవేళ్ళతో నేలని తన్నుకుంటూ అటూ ఇటూ పరుగులు తీస్తుంటే నేను చప్పట్లు కొట్టాను.

ఐదో రోజున పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళాను. స్టవ్ కట్టేసి వచ్చేంతసేపే! వాకరు చక్రం వసారా అంచు దాటి రెండు మెట్లు కిందకి బోల్తా పడింది. పిల్ల నుదురు చిట్లింది. ఆ ఏడుపు నాకిప్పటికీ వినిపిస్తూనే ఉంది. రెండు కుట్లు పడ్డాయి. మా అమ్మాయి నన్ను ఒక్క మాటా అనలేదు. అంటేనే బాగుండేది.

కుట్లు వేసిన డాక్టరుగారు, "పిల్ల తనంతట తాను పట్టుకుని లేస్తోందామ్మా?" అని అడిగారు. "మోకాళ్ళ దాకా లేస్తోందండీ" అన్నాను. "మరి దానికి రాని పని మీరెందుకు చేయిస్తున్నారు?" అన్నారు. అంతే! నా దగ్గర సమాధానం లేదు.

ఇంటికొచ్చాక నాలుగు పుస్తకాలు తిరగేశాను, తెలిసినవాళ్ళని అడిగాను. తెలుసుకున్నది మీకూ చెబుతాను.

పసిపిల్లలకి పట్టు పై నుంచి కిందకి వస్తుంది. ముందు మెడ నిలుస్తుంది, తర్వాత వీపు, ఆ తర్వాత నడుము, చివరికి కాళ్ళు. పాకడం, మోకాళ్ళ మీద లేవడం, పడటం, మళ్ళీ లేవడం... ఇవన్నీ నిలబడటానికి చేసే కసరత్తే. వాకరులో పిల్ల తన బరువు తాను మొయ్యదు, సీటు మోస్తుంది. పడబోతే ఆపుకోవడం నేర్చుకోదు, ఎందుకంటే పడదు కాబట్టి. పైగా మునివేళ్ళ మీద నడిచే అలవాటు పడుతుంది. వాకరు వల్ల నడక తొందరగా రాదు సరికదా, ప్రమాదాలు మాత్రం వస్తాయి. కెనడా దేశంలో 2004 నుంచి వాకర్ల అమ్మకాన్నే నిషేధించారట. మెట్ల మీంచి పడి తలకు దెబ్బలు తగిలే పిల్లలు అంతమంది ఉండేవారన్నమాట.

మరి ఏ నెలకి నిలబడాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు మన దేశంలోనూ, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాల్లోనూ కలిపి 816 మంది ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని చూసి 2006లో లెక్కలు చెప్పారు. పట్టుకుని నిలబడటం సుమారు 5 నెలల నుంచి 11న్నర నెలల లోపు. ఏ ఆసరా లేకుండా నిలబడటం 7 నెలల నుంచి 17 నెలల లోపు. ఒంటరిగా నడవడం 8 నెలల నుంచి 17న్నర నెలల లోపు. చూశారా, అసరా లేకుండా నిలబడటానికే పది నెలల తేడా! తొమ్మిదో నెలలో నిలబడ్డవాడూ మామూలు పిల్లాడే, పదిహేనో నెలలో నిలబడ్డదీ మామూలు పిల్లే. అసలు నూటికి నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే నడకలోకి వచ్చేశారట.

హంగేరీ దేశంలో ఎమ్మీ పిక్లర్ అని ఒక పిల్లల డాక్టరుండేవారు. 1946లో బుడాపెస్ట్‌లో పసిపిల్లల గృహం ఒకటి పెట్టారు. అక్కడ ఒకటే నియమం. పిల్ల తనంతట తాను రాలేని భంగిమలో పిల్లని ఉంచకూడదు. కూర్చోలేని పిల్లని దిళ్ళు పెట్టి కూర్చోబెట్టరు, లేవలేని పిల్లని చెయ్యి పట్టి లేపరు. తనే లేచేదాకా చోటిచ్చి చూస్తారు. మా డాక్టరుగారు అడిగిందీ అదే కదా అనిపించింది.

అలాగని మనం చేతులు ముడుచుకు కూర్చోవాలా? అక్కర్లేదు. చెయ్యాల్సింది చాలా ఉంది.

పిల్లని రోజంతా చంకన వేసుకు తిరక్కండి. నేల మీద వదలండి. మెత్తటి పరుపు మీద కాదు, చాప మీదో గట్టి బొంత మీదో. ఈ రోజుల్లో ఇళ్ళన్నీ నున్నటి టైల్సే. నూనె రాసి ఒళ్ళు పట్టాక అరికాళ్ళు పొడిగా తుడవకపోతే జర్రున జారిపోతారు. ఇంట్లో మేజోళ్ళూ బూట్లూ వద్దు. ఉత్త కాళ్ళయితేనే వేళ్ళతో నేలని పట్టుకోగలరు. కాళ్ళకి అడ్డుపడే పొడుగు గౌన్లు కూడా వద్దు.

పట్టుకుని లేవడానికి కదలని వస్తువు ఉండాలి. నవారు మంచమో, దివాన్ బల్లో, బరువైన పీటో. ప్లాస్టిక్ కుర్చీ అయితే మీద పడుతుంది. దాని మీద ఓ గిలక్కాయ పెట్టండి చాలు. దాని కోసం తనే లేస్తుంది. ఆ తర్వాత మంచం పొడుగూతా పట్టుకుని పక్కకి పక్కకి అడుగులేస్తుంది. తర్వాత గిలక్కాయని జానెడు, మూరెడు జరుపుతూ ఉండండి.

ఇంకో సంగతి. లేవడం వచ్చాక కొన్నాళ్ళు కూర్చోవడం రాదు! మంచం పట్టుకుని లేచి, కిందకెలా దిగాలో తెలియక ఏడుస్తారు. మనం గబుక్కున ఎత్తేసుకుంటాం. అలా కాకుండా వెనక నుంచి నడుము పట్టుకుని, మోకాలు మెల్లగా వంచి కూర్చోబెట్టండి. నాలుగైదు రోజులు చూపిస్తే తెలిసిపోతుంది. దిగడం వచ్చిన పిల్లకి లేవడానికి భయం ఉండదు.

మన పాతకాలపు మూడు చక్రాల చెక్కబండి మాటేమిటంటారా? అది వాకరు లాంటిది కాదు. పిల్ల తన కాళ్ళ మీద నిలబడే దాన్ని తోస్తుంది. కాకపోతే తనంతట తాను లేచి నిలబడ్డాకే ఇవ్వాలి, టైల్స్ మీద కాకుండా మట్టివాకిట్లో తోయించాలి, పక్కన మనిషుండాలి.

నిలబడటం వచ్చిందంటే చెయ్యి పైకి అందుతుందని మర్చిపోకండి. బకెట్లో నీళ్ళుంచవద్దు, తొంగిచూసి తలకిందులుగా పడిపోతారు. బల్ల మీద గుడ్డ లాగితే వేడి సాంబారు మీద పడుతుంది. ఇస్త్రీపెట్టె వైరు వేళ్ళాడనివ్వకండి. మన దివిసీమలో అయితే ఇంటి వెనకే కాలవో, చెరువో, రొయ్యల గుంటో ఉంటుంది. పెరటి గుమ్మానికి మోకాలెత్తు దాటే తడిక అడ్డం పెట్టించండి. నాట్లకీ కోతలకీ వెళ్ళే తల్లులు పిల్లని ముసలమ్మకి అప్పజెప్పి వెళతారు. ఆ తడిక ఉంటే ఆవిడకీ ధైర్యంగా ఉంటుంది.

ఇక ముఖ్యమైన మాట. "తన వీలునుబట్టి నేర్చుకుంటుంది" అని చెప్పానని అసలు పట్టించుకోకుండా ఉండకండి. నాగాయలంక వైపు మా బంధువుల పిల్లాడున్నాడు. ఏడాది దాటినా నిలబడలేదు. ఒక చెయ్యి గుప్పిట విప్పేవాడు కాదు, పాకేటప్పుడు అదే పక్క కాలు ఈడ్చేవాడు. "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడులే" అని అందరూ సర్దిచెప్పారు. రెండో ఏడు దగ్గరపడ్డాక విజయవాడ తీసుకెళితే, "ఆరేడు నెలల కిందటే రావలసింది" అన్నారు. ఇప్పుడు కాలికి పట్టీ వేసుకుని, రోజూ కసరత్తు చేయిస్తే బాగానే నడుస్తున్నాడు. కానీ పోయిన ఆ నెలల గురించి వాళ్ళమ్మ ఇప్పటికీ కుములుతూనే ఉంది.

కాబట్టి ఇవి గుర్తుపెట్టుకోండి. 4 నెలలకి మెడ నిలవకపోయినా, 9 నెలలకి ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాది నిండాక పట్టుకుని కూడా నిలబడకపోయినా, ఏడాదిన్నరకి నడవకపోయినా డాక్టరుకి చూపించాలి. కాళ్ళు కర్రల్లా బిగుసుకున్నా, గుడ్డముక్కలా వేళ్ళాడినా, ఒక పక్క చెయ్యీ కాలే వాడుతున్నా, వచ్చిన పని మళ్ళీ మర్చిపోయినా నెలలు లెక్కపెట్టకుండా వెంటనే వెళ్ళాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకైతే ఎన్ని వారాలు ముందు పుట్టారో అన్నీ తీసేసి లెక్క చూడాలి. మీ మాతాశిశు సంరక్షణ కార్డులో ఏ వయసుకి ఏం చెయ్యాలో బొమ్మలతో సహా ఉంటుంది. అంగన్వాడీలో పిల్లల్ని పరీక్షించే బాల స్వాస్థ్య కార్యక్రమం కూడా 2013 నుంచి ఉంది. అడగడానికి మొహమాటపడకండి.

ఇంతకీ మా మనవరాలి సంగతి చెప్పలేదు కదూ! పుట్టినరోజుకి వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చునే కేకు కోసింది. కొంపేమీ మునగలేదు. వాకరు అటకెక్కింది. అక్కడినుంచి పిల్లకిచ్చే వస్తువు కూడా కాదది.

సంక్రాంతికి అందరూ మా ఇంటికే వచ్చారు. భోగి ముందురోజు వంటింట్లో అరిసెల పాకం పడుతున్నాను. పాకం మాట మీకు తెలిసిందే, లేతగా ఉండగా తొందరపడి పిండి కలిపితే అరిసె నూనెలో విచ్చిపోతుంది. చుక్క నీళ్ళల్లో వేస్తే ఉండ కట్టేదాకా ఆగాలి. నేనలా గిన్నె దగ్గర నిలబడి పక్కకి చూద్దును కదా... గుమ్మం అవతల మంచం దగ్గర మనవరాలు నిలబడి ఉంది. ఒక చేతిలో స్టీలు గ్లాసు, ఇంకో చేతిలో మూత. రెండూ టంగుటంగుమని కొడుతోంది. మంచం వదిలేసిన సంగతి దానికే తెలియదు! నేను చప్పట్లు కొట్టలేదు, కేకెయ్యలేదు. ఊపిరి బిగబట్టి చూస్తూ నిలుచున్నాను. పది క్షణాలుంటాయేమో. చతికిలబడి, నా వంక చూసి నవ్వింది.

"అమ్మా, ఇవి పండగ అరిసెలే సుమా! అడుగుల అరిసెలు మళ్ళీ వండాలి" అంది మా అమ్మాయి వెనక నుంచి. కార్తీకమాసం తర్వాత అది నాతో అంత నవ్వుతూ మాట్లాడటం అదే మొదటిసారి.

శివరాత్రి వెళ్ళిన వారానికి గుడివాడ నుంచి ఫోన్ వచ్చింది. "వదినగారూ, నాలుగడుగులు వేసిందండీ! అరిసెలు పట్టుకుని రండి" అన్నారు వియ్యపురాలు గారు. మర్నాడే బియ్యం నానబోశాను. వెళ్ళేసరికి మనవడూ మనవరాలూ ఇద్దరూ ఆవిడ కొంగు చెరో పక్కా పట్టుకుని వంటింట్లో తిరుగుతున్నారు. ఎవరు ఏ నెలలో నిలబడ్డారో ఆవిడా అనలేదు, నేనూ అడగలేదు.

ఉంటానండీ మరి. మీ ఇంట్లోనూ మంచం కోడు పట్టుకుని లేచే బుజ్జాయి ఉంటే దాని పక్కన కాసేపు నేల మీద కూర్చోండి. బియ్యం తర్వాత నానబోసుకోవచ్చు.