చిప్‌లో లేదంటే జరగలేదని కాదు

మా వీధిలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు పోయిన నెల ఒక కాగితం పట్టుకుని వచ్చారు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పద్నాలుగు వందల చిల్లర ఖర్చు ఒకటి తనది కాదంటారు. రుజువు కూడా తెచ్చారు. మనవడు ల్యాప్‌టాప్‌కి కార్డు రీడర్ తగిలించి, ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్‌తో చిప్‌లోని లావాదేవీల చిట్టా బయటికి తీశాడట. పది పద్దులున్నాయి. ఆ పద్నాలుగు వందలు మాత్రం లేవు. “కార్డులోనే లేని ఖర్చు బ్యాంకు ఎలా రాసిందండీ?” అని అడిగారు.

కూర్చుని వెతికితే తేలింది: అది ఏడాది కిందట ఆయనే ఫోన్‌లో కట్టిన చందా, గడువు తీరి మళ్లీ కట్ అయింది. ఆన్‌లైన్ చెల్లింపులో చిప్‌కి పనే లేదు. తనకు తెలియని ఖర్చును అది ఎలా రాసుకుంటుంది?

తప్పు మాస్టారిది కాదు, ఆ కుర్రాడిదీ కాదు. సాఫ్ట్‌వేర్ కూడా తన పని తాను సరిగానే చేసింది. దాంతో వచ్చిన డాక్యుమెంటేషన్ తెరిచి చూశాను. ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, ఏ కమాండ్ ఇవ్వాలి, తెర మీద ఏం కనబడుతుంది, అంతే. ఏం కనబడదో ఒక్క వాక్యం లేదు. మనిషి డబ్బు జాడ తీసే పనిముట్టుకి ఇది చిన్న లోపం కాదు.

చిప్ కార్డులకు ప్రమాణమైన ఈఎంవీలో ఈ చిట్టా తప్పనిసరి కాదు, బ్యాంకు ఇష్టం. ఉన్నచోట, చిట్టా ఏ ఫైల్లో ఉందో, ఎన్ని పద్దులు పడతాయో 9ఎఫ్4డి అనే గుర్తు చెబుతుంది. ఒక్కో పద్దులో ఏ గడి తర్వాత ఏ గడి ఉందో 9ఎఫ్4ఎఫ్ చెబుతుంది. ఆ గడులు అన్ని కార్డుల్లో ఒకేలా ఉండవు. ఖర్చు అంకెలో దశాంశ బిందువు ఉండదు, అది పైసల్లో ఉంటుంది. అది పట్టించుకోని సాఫ్ట్‌వేర్ 250 రూపాయలను 25,000గా చూపించేస్తుంది. కరెన్సీ 356 అని ఉంటే మన రూపాయి. తేదీ దుకాణంలోని మెషిన్ ఇచ్చింది, దాని గడియారం తప్పయితే పద్దులో తేదీ కూడా తప్పే. చిట్టా నిండాక కొత్త పద్దు పాతదాన్ని చెరిపేస్తుంది. దుకాణదారు తర్వాత డబ్బు వాపసు చేస్తే ఆ సంగతి చిప్‌కి చేరదు. ఇవన్నీ డాక్యుమెంటేషన్ మొదటి పేజీలో ఉండాల్సిన మాటలు.

చిట్టా లేని కార్డు పెడితే ఆ సాఫ్ట్‌వేర్ “లావాదేవీలు లేవు” అంటుంది. “ఈ కార్డు చిట్టా రాసుకోదు” అనడం వేరు. మొదటి మాట చదివిన మనిషి తన కార్డు ఎవరూ వాడలేదని ధీమాగా ఉంటాడు.

గోప్యత సంగతి ఇంకా బరువైనది. 2012లో పారిస్‌లో రెనో లిఫ్షిట్జ్ అనే భద్రతా నిపుణుడు, కాంటాక్ట్‌లెస్ కార్డు నుంచి పిన్ లేకుండానే నంబరు, పేరు, ఇటీవలి లావాదేవీలు చదివి చూపించాడు. అక్కడి వ్యక్తిగత సమాచార రక్షణ సంస్థ సీఎన్ఐఎల్ పట్టుబట్టాక, కొత్త కార్డుల్లో పేరు, చిట్టా అలా గాలిలో చదవడానికి వీల్లేకుండా చేశారు. అంటే ఈ పనిముట్టు ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యం. తన కార్డు మీద తప్ప వాడకూడదని రాయడం మర్యాద కోసం కాదు.

ఇంకొకటి నన్ను నిజంగా కలవరపెట్టింది. సాయం అడిగేవాళ్లు తెర మీద వచ్చినదంతా కాపీ చేసి నలుగురికీ పంపుతారు. జాగ్రత్తపరులు 5ఏ అనే గుర్తు దగ్గర కనిపించే కార్డు నంబరును చెరిపేస్తారు. అదే నంబరు గడువు తేదీతో సహా 57 అనే మరో వరుసలో కూడా ఉంటుందని వాళ్లకెవరు చెప్పారు? సాఫ్ట్‌వేరే మొదటి ఆరు, చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి కప్పేయాలి. డాక్యుమెంటేషన్ రాసేవారు తమ నమూనాలో నిజమైన కార్డు వాడనే కూడదు.

ఇలాంటి పనిముట్లు రాసే మన కుర్రాళ్లు హైదరాబాద్‌లో, విశాఖలో చాలామంది ఉన్నారు. వారిని కోరేది ఇదే: ఇన్‌స్టాల్ కమాండ్ కంటే ముందు, ఇది ఏం చూడలేదో రాయండి. తెలుగులో ఒక పేజీ రాయండి. మాస్టారు చదివేది ఆ పేజీనే.

చిప్‌ని నమ్ముకుని ఆయన పదకొండు రోజులు బ్యాంకుకి ఫోన్ చేయలేదు. అది నిజంగా మోసమే అయ్యుంటే? 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బ్యాంకు తప్పు గాని ఖాతాదారు తప్పు గాని లేని మోసంలో, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారుపై భారం సున్నా. నాలుగో పనిదినం నుంచి ఏడో పనిదినం దాకా కొంత భారం మనదే. ఆ పైన ఎంతన్నది బ్యాంకు విధానాన్ని బట్టి ఉంటుంది.