గో: ఒక్క అక్షరం, పది అర్థాలు

'గో' అనగానే మనకు ముందుగా స్ఫురించేది ఆవు. అందులో తప్పేమీ లేదు. కానీ గోదావరి పేరును వివరించవలసి వచ్చినప్పుడు కూడా ఆవు దగ్గరే ఆగిపోవడం నాకు సమ్మతం కాదు.

అమరకోశంలోని నానార్థవర్గం ఈ ఏకాక్షర పదానికి పది అర్థాలు చెబుతుంది: స్వర్గం, బాణం, పశువు, వాక్కు, వజ్రాయుధం, దిక్కు, కన్ను, కిరణం, భూమి, నీరు. ఇన్ని అర్థాలను మోసే పదాన్ని సందర్భమే అదుపులో ఉంచుతుంది. సందర్భాన్ని విడిచి ఒక అర్థాన్నే పట్టుకుంటే మిగిలిన తొమ్మిదింటికీ అన్యాయం చేసినట్టే.

ఆవు నుండి పుట్టి ఆవుకు దూరమైన మాటలూ మనకు కొల్లలు. గోష్ఠమంటే పశువుల కొట్టం. దాని నుండే గోష్ఠి వచ్చింది. సాహిత్యగోష్ఠికి వెళ్ళే పెద్దలెవరూ కొట్టానికి వెళ్తున్నామనుకోరు కదా! గవేషణ ఒకప్పుడు ఆవులను వెదకడం, నేడు పరిశోధన. ఆవులు మేస్తూ తిరిగే మేర గోచరం. తరువాత అది ఇంద్రియాలకు అందే మేర అయింది. గోడలోని కిటికీ గవాక్షం, అంటే ఆవు కన్ను. మాటలు ఇలా ఎదిగినందుకు మనమెవ్వరమూ నొచ్చుకోలేదు.

ఇక గోదావరి. గౌతముడు విసిరిన దర్భ తగిలి ఆవు మరణించిందనీ, ఆ పాపపరిహారానికై ఆయన గంగను తెచ్చాడనీ పురాణగాథ. నదికి గౌతమి అన్న పేరు అందువల్లనే. కథ కథగా ఉండనిద్దాం. 'గోద' అంటే గోవును ఇచ్చేది అన్నట్లే, నీటిని ఇచ్చేది అన్న అర్థమూ చెబుతారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద పంట పండించుకున్న డెల్టా రైతుకు ఈ రెండవ అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

పట్టిసీమలో ఆ అర్థం మరింత విస్తరించింది. నది మధ్యనున్న కొండపై వీరభద్రస్వామి ఆలయానికి శివరాత్రినాడు పడవల్లో తరలివెళ్ళే భక్తుల వల్ల మనకు చిరకాలంగా తెలిసిన ఊరిది. అక్కడ 2015లో ఎత్తిపోతల పథకం మొదలైంది. 24 పంపులు ఎత్తిన నీరు పోలవరం కుడికాలువ గుండా సాగి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణా డెల్టాకు 80 టీఎంసీల వరకు ఇవ్వాలన్నది లక్ష్యం. ఒక నది మరొక నదికి నీరివ్వడం కంటే 'గోద' అన్న మాటకు తగిన నిదర్శనమేముంటుంది?

అయితే ఈ పదానికి భూమి అన్న అర్థమూ ఉంది. అమరకోశం భూమినీ నీటినీ పక్కపక్కనే చెప్పింది. పట్టిసీమకు ఎగువన పోలవరం దగ్గర ఆ రెండూ ఎదురెదురుగా నిలిచాయి. 2021లో ఎగువ కాఫర్‌డ్యాం నదిని అడ్డగించాక దేవీపట్నం మండలంలోని ఊళ్ళు వరదనీట మునిగాయి. తరతరాలుగా అక్కడి నేలను నమ్ముకున్న కొండరెడ్లు, కోయలు పునరావాస కాలనీలకు తరలిపోవలసి వచ్చింది. ఒకరికి నీరనే గోవు దక్కడానికి మరొకరు భూమి అనే గోవును దానం చేశారన్నమాట. అది కోరి చేసిన దానం కూడా కాదు.

నీరు వద్దని నేననడం లేదు. కరవు చూసిన పైరుకు నీటి విలువ ఎవరైనా చెప్పగలరు. నా అభ్యంతరమల్లా, గోదావరి 'ఇచ్చింది' అని పొంగిపోయే వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో, ఎవరి నుండి తీసుకుని ఇచ్చిందన్న ప్రస్తావన ఉండకపోవడమే. నది పేరుకు అర్థం చెప్పదలచినవారు భూమినీ కలుపుకొని చెప్పాలి. పునరావాసం నీటితో సమానమైన పని అని ఒప్పుకున్నప్పుడే ఆ అర్థానికి న్యాయం జరుగుతుంది.

మిత్రులారా, ఆవును విడిచి దూరం వెళ్ళిన 'గో' పదాలు మీకు ఇంకా తెలిసి ఉంటే చెప్పండి. కలిసి పోగుచేద్దాం.